పక్క సీటు పెడల్

నిదానమ్మ దగ్గర కారు నడపడం నేర్చుకున్నవాళ్లు ఆ పేటలో ఇంటికొకరైనా ఉంటారు. ఆమె నోట ఎక్కువగా వినిపించే మాటే ఆమెకు పేరై కూర్చుంది. గేరు కరకరలాడినా, కారు కప్పలా గెంతి ఆగిపోయినా, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యకపోయినా, ఆమె పక్క సీట్లో వెన్ను ఆనించి కూర్చుని "నిదానం" అనేది. అంతకు మించి గొంతు పెంచేది కాదు.

ఆమెకు నేర్పినవాడికి మాత్రం నిదానమంటే చుక్కెదురు. ఆయన ఆమె అక్క మొగుడు, వీధి చివర రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే బావ. మలుపు రాకముందు అరిచేవాడు, మలుపు తిరిగాక తిట్టేవాడు, మధ్యలో తనే హ్యాండ్‌బ్రేకు లాగేసేవాడు. నేర్చుకున్నన్నాళ్లూ ఆమె రోడ్డు వంక చూసినదానికంటే ఆయన చేతి వంక చూసిందే ఎక్కువ. కారు ఆగిన ప్రతిసారీ ఆపింది తనో ఆయనో తెలిసేది కాదు. తను ఎప్పుడైనా ఒకరికి నేర్పవలసి వస్తే ఇలా మాత్రం నేర్పకూడదని అప్పుడే అనుకుంది.

ఆ అవసరం రానే వచ్చింది. బట్టల కొట్టులో కౌంటరు వెనక నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతున్నాయని ఆ పని మానేసి, పాత తెల్ల కారొకటి తీసుకుని, దాని నెత్తిన బోర్డు బిగించి డ్రైవింగ్ బడి మొదలుపెట్టింది. పక్క సీటు ముందు రెండో బ్రేకు పెడల్ అమర్చిపెట్టింది బావే. ఒక ఇనుప కడ్డీ దాన్ని డ్రైవరు పెడల్‌తో కలుపుతుంది. ఇక్కడ తొక్కితే అక్కడా దిగుతుంది. ఆ రోజుల్లో తన దగ్గర ఇలాంటిది ఉండి ఉంటే ఆమెకు లైసెన్సు ఇంకా ముందే ఇప్పించేవాణ్నని బావ నట్లు బిగిస్తూ గొప్పలు పోయాడు. ఉండి ఉంటే ఈ జన్మకు వచ్చేది కాదని ఆమె మనసులో అనుకుంది.

కొత్తగా చేరినవాళ్లకు నిదానమ్మ మొదట చూపించేది స్టీరింగు కాదు, తన కాళ్ల దగ్గరి ఆ పెడల్‌ను. వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము ఉండేది దాని మీద. కారంతా తళతళలాడేలా తుడిచినా అక్కడ మాత్రం గుడ్డ పెట్టేది కాదు.

"చూశారుగా. దీంతో నాకు పనిలేదు. మీ కారు మీరే ఆపుకోవాలి" అనేది.

ఆ మాటకు మొదటిరోజు ఎవరి మొహమైనా పాలిపోయేది. కొన్నాళ్లకు అదే మనిషి రోడ్డు మీద కళ్లు పెట్టి, తన కాలిని తను నమ్ముకుని, గీత మీద గీసినట్టు ఆపేవాడు. నిదానమ్మ దగ్గర నేర్చుకున్నవాడు పరీక్ష తప్పడని పేటలో ఒక నమ్మకం ఉండేది. ఆమె ఆస్తంతా ఆ నమ్మకమే.

ఆమె అందరికీ చెప్పే కథ ఒకటుంది. ఒక లెక్చరరుగారు నేర్చుకుంటున్నప్పుడు సందులోంచి సైకిలు మీద ఒక చిన్నపిల్ల రివ్వున అడ్డం వచ్చింది. లెక్చరరుగారు బ్రేకు వేశారు, కానీ ఆలస్యంగా వేశారు. కారు ముక్కుకూ సైకిలు చక్రానికీ మధ్య జానెడు చోటు మిగిలింది. ఆ పిల్ల వీళ్లిద్దరినీ ఎగాదిగా చూసి, బెల్లు కొట్టి, తన దారిన తను పోయింది. "నేను కదల్లేదు, మెదల్లేదు, ఆయనే ఆపారు. చూశారా" అని నిదానమ్మ ఆ కథ ముగించి నవ్వేది. వినేవాళ్లూ నవ్వేవాళ్లు.

ఆ తర్వాత కొన్ని నెలలకు కారుకు కొత్త జబ్బు పట్టుకుంది. యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేకపోయినా ఇంజన్ నిలబడ్డచోటే హోరెత్తేది. మీటరులో అడుగున పడుకోవలసిన ముల్లు సగం దాకా లేచి వణికేది. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే రేసు ఎక్కువైంది. క్లచ్ వదలగానే కారు పలుపు తెంపుకున్న దూడలా ఉరికేది. నేర్చుకునేవాళ్లు బెదిరిపోయేవాళ్లు.

జబ్బు కారుతో ఆగలేదు. ఆమె పంపినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పరీక్ష తప్పడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకటే తప్పు, తెల్ల గీత దాటి పోవడం. మీవాళ్లకు ఆగడం రావట్లేదమ్మా అని ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అన్నాడు. ఇంజన్ రేసు అలా ఉంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారండీ అని ఆమె కూడా మర్యాదగానే జవాబు చెప్పింది.

తప్పినవాళ్లలో ఒక నర్సు ఉంది. మంచం దిగలేని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, మందులిచ్చి వచ్చే పని ఆమెది. లైసెన్సు తెచ్చుకుంటే ఆసుపత్రి చిన్న కారొకటి ఇస్తానంది. అందాకా మందుల సంచీ భుజాన వేసుకుని ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కుతూ తిరుగుతోంది. ఆమె రెండుసార్లు తప్పింది. రెండోసారి బయటికొచ్చి, మీ తప్పేం లేదు మేడం, నా మట్టిబుర్రే ఇంత, అని నిదానమ్మనే ఓదార్చింది. తిట్టినా బాగుండేదనిపించింది నిదానమ్మకు. ఆ సాయంత్రం అక్కతో చెప్పేసింది, ఈ నర్సు మూడోసారీ తప్పితే బోర్డు దింపేస్తాను, మళ్లీ బట్టల కొట్టుకే పోతాను అని. అక్క తన మొగుడి వైపు తిరిగి, ఊళ్లో కార్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో పిల్ల కారు దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా అని దెప్పింది.

బావ చేతులేమీ పడిపోలేదు. ముందు కాళ్ల కింద పట్టా జరిగి యాక్సిలరేటర్‌ను నొక్కుతోందేమో చూశాడు. లేదు. యాక్సిలరేటర్ తీగ బిగుసుకుందేమో చూశాడు. వదులుగానే ఉంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం విప్పి, లోపలి రేకు మూతకు పట్టిన మసంతా పాత బనీను ముక్కతో తుడిచాడు. రబ్బరు గొట్టాలు ఎక్కడైనా చిట్లి గాలి పీలుస్తున్నాయేమోనని అన్నిటి మీదా సబ్బునీళ్లు జల్లి చూశాడు. ఒక క్లిప్పు వదులుగా కనిపిస్తే దొరికింది దొంగ అని బిగించాడు. పనిలో పనిగా బ్రేకు ప్యాడ్లు కూడా మార్చాడు. ఈ మధ్య ఇవెందుకో మరీ తొందరగా అరిగిపోతున్నాయని గొణిగి, నీ శిష్యులవి కాళ్లు కావు, రోకళ్లు అన్నాడు.

చిక్కేమిటంటే షెడ్డులో ఇంజన్ ఎప్పుడూ బుద్ధిగానే ఉండేది. ఆయన ఒక్కడే ఊరంతా తిప్పుకొచ్చినా పిల్లికూనలా గురుగురుమనేది. ఆమె నేర్చుకునేవాళ్లను ఎక్కించుకుని వీధి మలుపు తిరిగిందో లేదో పూనకం వచ్చినట్టు హోరెత్తేది.

"నీ కారు నా ముందు సాధువు, నీ ముందు సోదెమ్మ, మరదలా. ఎవర్ని నమ్మమంటావు?"

"నేను కల్పించి చెబుతున్నానంటావా బావా?"

"అనను. కానీ ఆడలేనివాళ్లు మద్దెల ఓడన్నారని సామెత మాత్రం ఉంది."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. పొద్దున్నే ఫోను చేసి, నర్సుకు పాఠం చెప్పే వేళకు నువ్వే వచ్చి చెవులారా విను అని బావకు చెప్పింది.

కార్లో మూడో మనిషి కూర్చుంటే నర్సు బెదురుతుందని, ఆయన స్కూటరు మీద వెనకే వస్తానన్నాడు. నర్సు స్టీరింగు దగ్గర, నిదానమ్మ పక్కన. పేట దాటి పార్కు గోడ పక్కన నేరుగా పోయే రోడ్డెక్కగానే ఇంజన్ తన పాట అందుకుంది. నిదానమ్మకు ఒక పక్క చిరాకు, ఇంకో పక్క తృప్తి. వింటున్నాడులే, ఇప్పుడేమంటాడో చూద్దాం అనుకుంది. వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఈ మధ్య వెనకవాళ్ల హారన్లు ఎక్కువయ్యాయి. నెత్తిన బోర్డు చూసి అలుసు అనుకుని ఆమె పట్టించుకోవడం మానేసింది.

రోడ్డు చివర చెట్టు నీడలో ఆపమని బావ చెయ్యి ఊపాడు. స్కూటరుకు స్టాండు వేసి నర్సు వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దారి పొడుగునా బ్రేకు మీద కాలేసి నడుపుతున్నారేంటమ్మా? వెనక ఎర్రలైటు ఆరితే ఒట్టు."

తను కాలు వెయ్యలేదని నర్సు నెమ్మదిగా అంది. ఆవిడ గొంతులో అబద్ధం లేదు. బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు. గేరు తీసేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, రెండు కాళ్లూ వెనక్కి పెట్టుకోమన్నాడు. నర్సు అలాగే చేసింది. ఇంజన్ హోరు తగ్గలేదు. ఆయన తలుపు తీసి, రోడ్డు మీద మోకాళ్లూని, తల పెడళ్ల దగ్గర పెట్టి విన్నాడు. ఇంజన్ హోరు కింద సన్నగా, పాము బుస కొట్టినట్టు గాలి పీల్చుకునే చప్పుడు. అలా వంగినవాడు అలాగే మెడ తిప్పి పక్క సీటు వైపు చూశాడు. లేచి, చేతులు దులుపుకుని, కారు చుట్టూ తిరిగి ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మరదలా, కాళ్లు రెండూ పైకి పెట్టుకుని సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చో."

"నడిరోడ్డు మీద నాకీ వేషాలేంటి బావా?"

"కూర్చోవే తల్లీ."

ఆమె చెప్పులు వదిలి కాళ్లు పైకి మడుచుకుంది. ఇంజన్ ఊపిరి వదిలినట్టు దిగిపోయింది. ముల్లు అడుగుకు జారి నిలబడింది. చెట్టు మీద పక్షుల గోల అప్పటిదాకా ఉందో లేదో, ఇప్పుడు వినబడింది. ఆమె కుడికాలు కిందికి దించి ఎప్పటిలా పెట్టుకుంది. ఎప్పటిలా అంటే ఎలాగో ఆమె అంతవరకూ చూసుకోలేదు. మడమ నేల మీద, వేళ్లు పెడల్ మీద, బిడ్డ నిద్రపోయిందో లేదో చూడటానికి చెయ్యి ఆనించినంత తేలిగ్గా. ఇంజన్ మళ్లీ హోరెత్తింది.

బావ జేబులోంచి టార్చి తీసి ఆ పెడల్ మీద వేశాడు. దుమ్ము లేదు. కొత్తవాళ్లకు అలవాటుగా చూపించడమే తప్ప ఈ మధ్య ఆమె దాని వంక సరిగ్గా చూడనే లేదు. రబ్బరు మీద అడ్డంగా ఉండవలసిన గాట్లు ఒక పక్క పూర్తిగా అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ఒక కాలి బొటనవేలంత మేర.

ఊళ్లో ఇంకెవరైనా అయితే ఆయన షెడ్డు రేకులు ఎగిరేలా నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. చెట్టు కింది గట్టు మీద కూర్చుని ఇద్దరికీ వివరంగా చెప్పాడు. బ్రేకుకు బలమిచ్చే నల్లటి డబ్బా ఒకటి పెడల్‌కు అవతల ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలితోనే అది పనిచేస్తుంది. దాని లోపలి రబ్బరు ఒకచోట చిరిగింది. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ చిరుగు మూసుకుపోతుంది, పూర్తిగా వదిలేసినా మూసుకుపోతుంది. కాలు ఊరికే ఆనించి ఉంచితేనే అది నోరు తెరుస్తుంది. అక్కణ్నించి దొంగగాలి ఇంజన్‌లోకి పోయి రేసు పెరుగుతుంది. తను తొక్కితే పూర్తిగా తొక్కుతాడు, లేకపోతే కాలు తీసేస్తాడు. అందుకే తన దగ్గర అది సాధువు.

"మద్దెల ఓడన్నమాట నిజమే. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అని ఆయన ఆగాడు. తర్వాతి మాట ఆమెకే తోచింది.

"ఇన్నాళ్లూ వీళ్ల కారు ఆపుతోంది నేనా బావా?"

నర్సు చటుక్కున తల వంచుకుని సీటుబెల్టు సవరించుకుంది. ఆవిడకూ ఏదో అర్థమైనట్టుంది. పరీక్షలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్నప్పుడు కారు ఎప్పుడూ అనుకున్నదానికంటే ముందుకు జారినట్టుండేది. రోజూ సగం బ్రేకు వేసి పెట్టే కాలు ఆ పూట ఉండేది కాదు.

నిదానమ్మ ఆ మధ్యాహ్నం ఇంట్లో పని చేస్తూ కాలి వంకే చూసుకుంది. అది ఎప్పుడు ఎక్కిందో పెడల్ మీదికి? గుర్తు చేసుకోబోతే కళ్ల ముందుకు వచ్చింది ఒక్కటే, సైకిలు చక్రం, జానెడు చోటు. ఆ రోజు నవ్వింది నోరే. కాలు నవ్వలేదు. నోటికి చెప్పకుండా, మనసునూ అడగకుండా అది తన జాగ్రత్త తను చూసుకుంది. బావ చేతిని తిట్టుకుంటూ నేర్చుకున్న మనిషి, తన కాలినే బావ చేతిగా మార్చుకుంది. ఆయన చెయ్యి కనీసం కంటికి కనబడేది.

మర్నాడు షెడ్డుకు వెళ్లేసరికి బావ కొత్త డబ్బా తెప్పించి సిద్ధంగా ఉన్నాడు. ఆమె బల్ల మీద కూర్చుని, ఇప్పుడే మార్చొద్దంది.

ఆయన తన చెవులను నమ్మలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్నాళ్లు వెతికితే దొరికిన జబ్బును దాచుకుంటానంటావేంటని మండిపడ్డాడు. ఆమె నిదానంగానే చెప్పింది. తన కాలు పెడల్ ఎక్కితే తనకు తెలియడం లేదు. ఇంజన్‌కు తెలుస్తోంది. అది అరిచినంతకాలం తను కాలు దించుకోవచ్చు. అరుపు మాన్పించేస్తే ఇంకెవరు చెబుతారు?

"అది బ్రేకమ్మా, అలారం గడియారం కాదు. చిరుగు పెద్దదైతే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది."

"రోడ్డెక్కను. ఆట మైదానం ఉందిగా, అక్కడే తిప్పుతాను. నువ్వు రోజూ చూడు. పరీక్ష ముందురోజు నువ్వే మార్చు."

ఆయన చాలాసేపు సణిగాడు. చివరికి కారును తనే నడిపి మైదానంలో వదిలిపెడతానని, సాయంత్రం తనే తెచ్చుకుంటానని, మధ్యలో గేటు దాటితే టైర్లు విప్పేస్తానని షరతులు పెట్టి ఒప్పుకున్నాడు.

మైదానం ఖాళీగా ఉండేది, పొద్దుటిపూట నడిచేవాళ్లు వెళ్లిపోయాక మరీను. నర్సు సున్నంతో గీతలు గీసి పెట్టేది. మొదటి రోజు ఇంజన్ ఆగకుండా అరిచింది. అరిచినప్పుడల్లా నిదానమ్మ కాలు వెనక్కి లాక్కునేది. గీత దగ్గరపడగానే అది మళ్లీ పిల్లిలా పాక్కుంటూ వెళ్లేది. మీరూ నేర్చుకుంటున్నట్టుంది మేడం అని నర్సు అంది. అన్నాక నాలుక్కరుచుకుంది కానీ, నిదానమ్మ పకపకా నవ్వింది. అప్పట్నుంచి వాళ్లిద్దరి మధ్య అదొక ఆట అయింది. ఇంజన్ హోరెత్తితే నర్సే "నిదానం మేడం" అనేది. ఆ మాట తన మీదికే తిరిగి వస్తే ఎలా ఉంటుందో నిదానమ్మకు అప్పుడు తెలిసింది.

పక్క కాలి సాయం తప్పేసరికి నర్సు కూడా మొదట్లో గీతలన్నీ దాటింది. ఒకసారి గోలుపోస్టు దాకా వెళ్లి ఆగింది. బంతి లేకుండానే గోలు కొట్టారని బావ గేటు దగ్గర్నుంచి కేకేశాడు. మెల్లమెల్లగా ఆవిడకు తన కాలి బరువు తెలిసివచ్చింది. రోగి చెయ్యి పట్టుకుని నరం వెతికే మనిషికి ఎంత నొక్కాలో చెప్పనవసరం లేదు, నొక్కుతున్నది తనే అని తెలిస్తే చాలు. ఒకనాడు మైదానం చుట్టూ తిరిగి వచ్చి గీత మీద ఆగినప్పుడు, ఇంజన్ మొదట్నుంచి చివరిదాకా గొంతెత్తలేదు. ఆగిపోయిందేమోనని నర్సు మీటరు చూసింది. ముల్లు అడుగున ప్రశాంతంగా పడుకుని ఉంది.

పరీక్ష ముందురోజు బావ పాత డబ్బా విప్పి కొత్తది బిగించాడు. చిరిగిన రబ్బరు తీసి చూపించాడు. గోరంత చిరుగు.

పరీక్ష రోజు పొద్దున నర్సే కారు నడిపింది. రోడ్డంతా రద్దీ. ఇంజన్ ఇప్పుడు ఏమీ చెప్పదు. కాలు ఎక్కడుందో వంగి చూసుకోవాలని నిదానమ్మకు ఎంతో అనిపించింది. చూస్తే నర్సు కంగారుపడుతుంది. ఊరుకుంది. ఒకచోట కూరగాయల బండి అడ్డం వచ్చింది, ఇంకోచోట బస్సు చెప్పాపెట్టకుండా ఆగింది. రెండుచోట్లా కారు ఆగింది. ఎవరు ఆపారో ఆమెకు ఖాయంగా తెలియలేదు. పాత రోజుల్లో బావ పక్కన కూర్చున్నప్పటిలాగే ఉంది.

పరీక్షా మైదానం గోడ దగ్గర దిగేసరికి వెనకే బావ స్కూటరు వచ్చి ఆగింది. తను బిగించిన పని ఎలా ఉందో చూసుకుందామని వచ్చానన్నాడు. ఆమె ఆయన మొహం వంక చూసింది.

"ఎర్రలైటు బండి దగ్గర వెలిగింది, బస్సు దగ్గర వెలిగింది. మిగతా దారంతా వెలగలేదు" అన్నాడు ఆయన, హెల్మెట్ తీస్తూ. "ఆ రెండుసార్లూ ఎవరిదంటావా? నర్సమ్మదే. నీది అయితే ముందే మినుకుమినుకుమనేది."

ఇన్‌స్పెక్టరు వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కారు కదిలింది. మలుపు తిరిగింది, ఎత్తు ఎక్కింది, దిగింది, తెల్ల గీత వైపు వచ్చింది. నిదానమ్మ గోడ పట్టుకుని చూస్తోంది. వెనక ఎర్రలైటు వెలిగింది. చక్రం గీతకు ఇవతలే, దాన్ని ముద్దుపెట్టుకోబోయినట్టు ఆగింది.

"కిందికి చూసుకో" అన్నాడు బావ.

ఆమె కుడి చెప్పు ఇసుకలో మడమ దాకా కూరుకుపోయి ఉంది. ఆమె కాలు పైకి లాక్కుని ఇసుక దులుపుకుంది. తొక్కితే తొక్కనియ్, ఇక్కడ కడ్డీ లేదుగా అన్నాడు ఆయన.

నర్సు చేతిలో కాగితంతో పరుగున వచ్చింది. నిదానమ్మ భుజం మీద తల పెట్టింది, అంతలోనే రేపట్నుంచి ఎవరింటికి ముందు వెళ్లాలో వరస చెప్పడం మొదలుపెట్టింది. తిరుగు ప్రయాణానికి ఆవిడే స్టీరింగు దగ్గర కూర్చుని పక్క తలుపు తీసి పట్టుకుంది.

"రండి మేడం."

నిదానమ్మ ఆ తలుపు మూసి, వెనక తలుపు తీసుకుని ఎక్కింది. తన కారులో ఆమె వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడ కాళ్ల దగ్గర ఏ పెడలూ లేదు. నర్సు అద్దంలోంచి అనుమానంగా చూసింది. పోనివ్వండి, నిదానంగా, అని ఆమె చెప్పులు వదిలి కాళ్లు మడుచుకుని కూర్చుంది. ఇంజన్ చప్పుడు వినీ వినబడనట్టు ఉంది. కారు పేటలోకి తిరిగేసరికి ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.